నాలుగు తీగల మీద ఒక్క మనిషి



ఈ పూట బేస్ గిటార్ గురించి మాట్లాడతాను. బృందంలో వెనక నిలబడి వాయించే బేస్ గురించి కాదు. పాడేవాళ్ళు లేకుండా, డ్రమ్ముల దన్ను లేకుండా, ఒక్క మనిషి ఒక్క బేస్ గిటార్ పట్టుకుని చేసే కచేరీ గురించి. ఇక్కడ సింగపూర్‌లో, ఆర్చర్డ్ రోడ్డు కాలిబాట మీద, ఈ మధ్య అలాంటి కచేరీ ఒకటి విన్నాను. విన్నప్పటి నుంచీ నలుగురికీ చెప్పాలని మనసు పీకుతూనే ఉంది.

బేస్ వినడానికని టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు మనలో తక్కువ. ఉగాది వేడుకల్లోనో సినిమా పాటల కచేరీలోనో పాడినవాళ్ళకు చప్పట్లు కొడతాం. ఫ్లూటు బిట్ అచ్చం రికార్డులో ఉన్నట్టే పలికితే మురిసిపోతాం. డ్రమ్ముల ఆయన చివర్లో విజృంభిస్తే లేచి నిలబడతాం. ఆ డ్రమ్ముల పక్కనే, పొడుగాటి మెడ ఉన్న గిటారు భుజానికి తగిలించుకుని, తల వంచుకుని తన పని తాను చేసుకుపోయే మనిషి మన కంటికి ఆనడు. విందులో గుత్తివంకాయను పొగుడుతాం, పులిహోరను పొగుడుతాం, అన్నం బాగా వండారని ఎవరూ అనరు. అదిగో, బృందంలో బేస్ స్థానం అది. లేకపోతే మాత్రం విస్తట్లో ఏదీ దేనితోనూ కలవదు.

నిజానికి మన చెవికి బేస్ కొత్తేమీ కాదు. ఇళయరాజా గారు దాన్ని మనకి ఎప్పుడో అలవాటు చేశారు. ఆయన స్వయంగా గిటారిస్టు. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, వాద్య బృందాల్లో గిటార్ వాయించి, ఆ తర్వాత సంగీత దర్శకుడైన మనిషి. అందుకే ఆయన పాటలో బేస్ వంత పాడదు. గాయకుడి వరుస పైన ఒకటి నడుస్తుంటే, అడుగున ఇంకో వరుస దాని దారిన అది నడుస్తుంది. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్ని మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతును కాసేపు పక్కన పెట్టి, ఆ అడుగు వరుసనే పట్టుకుని వినండి. అదే ఒక పాటలా ఉంటుంది. కాకపోతే అక్కడ బేస్‌కి తోడు చాలామంది ఉన్నారు. వయొలిన్లున్నాయి, తబలా ఉంది, బాలు గారి గొంతు ఉంది. ఇవన్నీ తీసేసి, బేస్‌ని ఒంటరిగా వెలుతురులోకి తెచ్చి నిలబెడితే ఏం మిగులుతుంది? నేను చెప్పబోయేది దాని గురించే.

ఆర్చర్డ్ రోడ్డులో షా హౌస్ అని ఒక భవనం ఉంది. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, అక్కడ సినిమా హాళ్ళుంటాయి. దానికి దగ్గర్లో, ఒక ఆదివారం సాయంత్రం. ఆదివారమంటే ఆ రోడ్డు సంగతి వేరు. ఇళ్ళలో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిలకు సెలవు రోజు. లక్కీ ప్లాజా చుట్టుపక్కల గుంపులు గుంపులుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, ఇంటికి డబ్బు పంపుకుంటారు. షాపింగ్ సంచులతో వచ్చేపోయే జనం సరే సరి. ఆ రద్దీలో ఒకాయన చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నారు. నలభై దాటి ఉంటాయి. చేతిలో నాలుగు తీగల బేస్ గిటార్, కాళ్ళ దగ్గర బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫైయర్. అంతే. ఇక్కడ రోడ్డు మీద వాయించాలంటే నేషనల్ ఆర్ట్స్ కౌన్సిల్ వాళ్ళు పెట్టే ఆడిషన్‌లో నెగ్గి అనుమతి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్న కళాకారుడు ఆయన. ప్రచారం కోరుకునే మనిషిలా కనిపించలేదు కాబట్టి పేరు చెప్పను.

మొదట అన్నిటికన్నా లావు తీగను ఒక్కసారి మీటి వదిలేశారు. ఎంతసేపు మోగిందో! అది మోగుతుండగానే, సన్న తీగ మీద చాలా పైన ఇంకో స్వరం వేశారు. రెంటికీ మధ్య అంత దూరం ఎందుకు ఉంచారో నాకు అప్పుడు తట్టలేదు, తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మంద్ర స్థాయిలో రెండు స్వరాల్ని దగ్గర దగ్గరగా కలిపి మోగిస్తే మన చెవి వాటిని విడదీసి పట్టుకోలేదు. గరగరమని ఒకే ముద్దగా వినిపిస్తాయి. హార్మోనియం మీద అడుగు మెట్లు రెండు పక్కపక్కవి నొక్కి చూడండి, అదే మెట్లు పై స్థాయిలో నొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అందుకని బేస్ మీద ఒంటరిగా వాయించేవాళ్ళు షడ్జమాన్ని అడుగున పెట్టి, గాంధారాన్ని దాని పక్కన కాకుండా ఒక స్థాయి దాటించి పైన పెడతారు. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే స్వరాలు రెండూ విడివిడిగా, స్పష్టంగా నిలబడతాయి.

ఆ తర్వాత ఆయన ఎత్తుకున్నది 'గెతారన్ జీవా'. పి. రమ్లీ పాడిన మలయ్ పాట, 1960లో వచ్చిన 'అంతారా దువా దరజత్' సినిమాలోది. మనకి ఘంటసాల గారు ఎలాగో మలయ్ వాళ్ళకి రమ్లీ అలాగ. ఆయన సంగీతం, నటన, దర్శకత్వం అన్నీ చేశారు. 1940ల చివరి నుంచి 1964 దాకా సింగపూర్‌లోనే, జలన్ అంపాస్ అనే వీధిలో ఉన్న షా సోదరుల స్టూడియోలో పనిచేశారు. అదే షా సోదరుల పేరున్న భవనం పక్కన కూర్చుని ఒక కళాకారుడు ఆ పాటని నాలుగు తీగల మీద వాయిస్తున్నారు. ఆయన అది తలచుకునే ఎంచుకున్నారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది.

పాట వరుస సన్న తీగ మీద, మెడకు బాగా కిందుగా, గొంతు పలికే స్థాయిలో నడిచింది. లావు తీగలు అప్పుడప్పుడు, పాట ఊపిరి తీసుకునే చోట, ఆధారం పలికాయి. నడక ఎక్కడా తప్పలేదు. తలకు సొంగ్‌కోక్ టోపీ పెట్టుకున్న ఒక మలయ్ పెద్దాయన ఆగి, తన భార్యను కూడా ఆపి, పెదవులు కదిపీ కదపకుండా పాడుకోవడం మొదలుపెట్టారు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు నలుగురు కబుర్లు ఆపి ఇటు తిరిగారు. వాళ్ళకు ఆ పాట తెలిసి ఉండదు. అయినా నిలబడ్డారు.

ఇక్కడ కాసేపు ఆయన చేతుల గురించి చెప్పాలి. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది అవే.

మామూలు గిటారులో సన్న తీగ పావు మిల్లీమీటరు ఉంటుంది. బేస్‌లో లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. పొడవు మామూలు కొలతలో 34 అంగుళాలు. అంత లావు, అంత పొడుగు తీగ ఒకసారి కదిలిందంటే త్వరగా ఆగదు. పైగా ఒక తీగను మీటితే దాని పక్కనున్నవి కూడా, ఎవరూ ముట్టుకోకుండానే, తమంత తాము కదులుతాయి. బృందంలో అయితే ఆ మోత మిగతా వాద్యాల్లో కలిసిపోతుంది. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు దాచుకునే చోటే లేదు. ఆపని ప్రతి తీగా రణగొణ ధ్వనిగా మిగిలి, పాటను మింగేస్తుంది. కాబట్టి కుడి బొటనవేలు పాట నడవని తీగల మీద ఆని ఉంటుంది. ఎడమ చేతిలో ఒక వేలు స్వరాన్ని నొక్కుతుంటే, మిగతా వేళ్ళు పడుకుని పక్క తీగల్ని అణచిపెడతాయి. తీగ మీటే చెయ్యి కన్నా తీగ ఆపే చేతికి పని ఎక్కువ. ఆయన వాయిస్తున్నంతసేపూ నేను చూసింది ఇదే. ఏ స్వరం ఎప్పుడు పుట్టాలో ఎంత కచ్చితంగా తెలుసో, ఏ స్వరం ఎప్పుడు ఆగాలో అంతకన్నా కచ్చితంగా తెలుసు ఆ వేళ్ళకి. వేగం కూడా ఉంది, లేదనను. మధ్యలో ఒకచోట వేళ్ళు కంటికి అందనంత వేగంగా పరుగెత్తాయి, జనం ఈలలు వేశారు. కానీ వేగం సాధనతో చాలామందికి వస్తుంది. స్వరానికి స్వరానికి మధ్య అంత శుభ్రమైన నిశ్శబ్దం పెట్టడం నేను చాలా తక్కువ మంది దగ్గర విన్నాను.

ఈ వాద్యం వయసు పెద్దదేమీ కాదు. నిలువెత్తు డబుల్ బేస్‌ని ఊరూరా మోసుకు తిరగలేక అవస్థపడే వాద్యకారుల కోసం కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చారు. భుజానికి తగిలించుకోవచ్చు, మెట్లున్నాయి కాబట్టి శ్రుతి తప్పదు, విద్యుత్తుతో ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా మోగుతుంది. ఒంటరిగా కచేరీ చేయడానికి పుట్టిన వాద్యం కాదది. దాన్ని ముందుకు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో అవసరంతో తెచ్చారు.

లారీ గ్రాహమ్ కథ నాకు చాలా ఇష్టం. 1960లలో వాళ్ళమ్మ పియానో వాయిస్తూ పాడేవారు, ఈయన తోడు వాయించేవారు. బృందంలో డ్రమ్ముల వాద్యకారుడు లేకుండా పోయాడు. ఆ లోటు పూడ్చడానికి ఆయన బొటనవేలితో లావు తీగను కొట్టి పెద్ద డ్రమ్ము మోత తెప్పించారు, చూపుడు వేలితో సన్న తీగను లాగి వదిలి చిన్న డ్రమ్ము దెబ్బ తెప్పించారు. ఈ రోజు ప్రపంచమంతా స్లాప్ అని పిలిచే పద్ధతి అలా, అమ్మ పాటకు లయ నిలబెట్టడానికి పుట్టింది. అదే పద్ధతితో ఆయన స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందంలో చేరి లోకప్రసిద్ధులయ్యారు.

జాకో పాస్టోరియస్ వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్‌తో బేస్ వాయించేవాళ్ళ ఆలోచనే మారిపోయింది. ఆయన బేస్‌కి మెట్లు లేవు. మెట్లు తీసేసిన గాళ్ళు పూడ్చి, పడవలకు వాడే ఎపాక్సీ పూత పూశారు. మెట్లు పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. జారు వస్తుంది, గమకం వస్తుంది, తీగ గొంతులా పలుకుతుంది. 1987లో, 35 ఏళ్ళకే, ఆయన వెళ్ళిపోయారు. ఆ తొలి ఆల్బమ్‌లో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' అని రెండున్నర నిమిషాలు కూడా లేని రచన ఒకటుంది. ఒక్క బేస్ తప్ప ఇంకేమీ లేదు అందులో. ఒంటరి బేస్ కచేరీకి అది గీటురాయి అని నా నమ్మకం.

ఇక విక్టర్ వుటెన్. అయిదుగురు అన్నదమ్ముల్లో చివరివాడు. ఇంట్లో అందరికీ తలో వాద్యం ఉంది, బేస్ వాయించేవాళ్ళు లేరు. పెద్దన్న రెజీ తన గిటారుకు ఉన్న ఆరు తీగల్లో రెండు తీసేసి, పసివాడి చేతికి ఇచ్చారు. అదే ఆయన మొదటి బేస్. 1996లో ఆయన తెచ్చిన 'ఎ షో ఆఫ్ హ్యాండ్స్' ఆల్బమ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన రికార్డింగులు లేవు, ఒకే బేస్, ఒకే మనిషి. స్వీడన్ దేశస్థుడు జోనాస్ హెల్‌బోర్గ్ ఇంకా ముందే, 1981లో, మోంత్రో జాజ్ ఫెస్టివల్‌లో ఒంటరిగా బేస్ వాయించి మెప్పించారు. తర్వాతి కాలంలో మన కంజీర విద్వాంసుడు వి. సెల్వగణేశ్‌తో కలిసి కచేరీలు చేశారు.

ఆర్చర్డ్ రోడ్డు ఆయన దగ్గర వీళ్ళందరి జాడలూ ఉన్నాయి. కానీ వాళ్ళ పాఠాన్ని అప్పజెబుతున్నట్టు లేదు.

ఆయన కచేరీలో రెండో ఘట్టం గురించి చెప్పాలంటే నేను వీణ దగ్గరికి వెళ్ళాలి.

వీణకు తీగలు ఏడు. మెట్ల మీదుగా పోయేవి నాలుగు, వాటి మీదే రాగం పలుకుతుంది. పక్కన విడిగా ఉండే మూడు తీగలు తాళానివి. వైణికులు కుడి చేతి చూపుడు వేలితో, మధ్య వేలితో పాట మీటుతూ, చిటికెన వేలితో ఆ పక్క తీగల్ని మీటి తాళం, శ్రుతి రెండూ చూపిస్తారు. అంటే పాట, ఆధారం, కాలం మూడూ ఒకే మనిషి, ఒకే ఒళ్ళో పెట్టుకుని నడిపించే విద్య మనకు తరతరాలుగా ఉంది. బొబ్బిలిలో పనస చెక్కతో వీణ చెక్కే కుటుంబాలకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యులు కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు వీణను ఎంత దూరం తీసుకెళ్ళారో మనకు తెలుసు. చిట్టిబాబు గారి వీణ మీద కోయిల కూసింది. అది విని, వీణ పని అది కాదు కదా అని ఎవరైనా అన్నారా?

ఆర్చర్డ్ రోడ్డు మీద ఆయన పాట అయ్యాక తాళం లేకుండా కొంతసేపు వాయించారు. తాళం లేదు కానీ నడక ఉంది. స్వరాలు గుత్తులు గుత్తులుగా, ఊపుతో, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నాకు వెంటనే తానం గుర్తొచ్చింది. రాగం, తానం, పల్లవిలో తానం వైణికుల సొత్తు అనిపిస్తుంది నాకు. గొంతుతో పాడే తానం కూడా వీణనే తలపిస్తుంది. సింగపూర్‌లో ఉన్న ఈ చీనా కళాకారుడు తానం విని ఉండకపోవచ్చు, కానీ ఒంటరిగా తీగ మీద కాలాన్ని నిలబెట్టాలనుకున్న ప్రతివాళ్ళూ వెతికి వెతికి చివరికి అక్కడికే చేరతారేమో.

ఆ తర్వాత తీగల్ని నొక్కడం మానేశారు. ఎడమ వేలితో తీగను ఊరికే తాకి, కుడి చేత్తో మీటి, తాకిన వేలిని తీసేయడం. హార్మోనిక్స్ అంటారు. తీగను సరిగ్గా సగంలో, అంటే పన్నెండో మెట్టు మీద తాకితే పై షడ్జమం పలుకుతుంది. మూడో వంతులో, ఏడో మెట్టు మీద తాకితే పంచమం. నాలుగో వంతులో, అయిదో మెట్టు మీద ఇంకా పై షడ్జమం. అయిదో వంతులో, నాలుగో మెట్టుకు రవ్వంత ఇవతల తాకితే అంతర గాంధారం. ఇవి ఎవరూ తయారుచేసిన స్వరాలు కావు. ప్రతి తీగలోనూ పుట్టుకతోనే ఉంటాయి. మన వాళ్ళు వీటిని స్వయంభువు స్వరాలన్నారు. బాగా శ్రుతి చేసిన తంబురా మీటుతుంటే, ఎవరూ గాంధారం మీటకపోయినా మంద్ర షడ్జమంలోంచి అంతర గాంధారం సన్నగా వినిపిస్తుందని మన గురువులు శిష్యుల చెవికి ఎక్కించేది ఇదే. పియానో మీద గాంధారం కన్నా ఇది వెంట్రుకవాసి తక్కువ శ్రుతిలో ఉంటుంది, అందుకే షడ్జమంలో అంత హాయిగా ఒదిగిపోతుంది.

బేస్ తీగ పొడుగు కాబట్టి ఈ స్వరాలు దాని మీద మిగతా గిటార్ల కన్నా తేటగా, ఎక్కువగా దొరుకుతాయి. జాకో ఆ రెండున్నర నిమిషాల రచన కట్టింది వీటితోనే. ఆర్చర్డ్ రోడ్డు మీద ఆయన లావు తీగతో అడుగున ఒక్క దెబ్బ వేసి, అది మోగుతుండగా పైన ఈ గంటల్లాంటి స్వరాలతో ఒక వరుస అల్లారు. ఆ పొడుగాటి, బరువైన వాద్యం నుంచి అంత పల్చని నాదం వస్తుందని ముందే తెలిసిన నాకు కూడా, చెవుల్ని నమ్మడానికి కొంచెంసేపు పట్టింది.

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తోంది. ఆయన ఆంప్లిఫైయర్ చిన్నది. బేస్ లావు తీగను ఎక్కడా నొక్కకుండా మోగిస్తే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ ఒక్క అల ఎనిమిది మీటర్ల పైన పొడవుంటుంది. అంత నెమ్మది కంపనాన్ని బలంగా పుట్టించాలంటే పెద్ద స్పీకరు కావాలి. చిన్న పెట్టె పుట్టించగలిగింది దాని పై స్వరాల్ని, అంటే 82, 123, 164 ఇలాగ. మరి మాకు ఆ అడుగు స్వరం ఎలా వినిపించింది? మా మెదళ్ళే కల్పించాయి. పై స్వరాల వరుసను విని, వీటన్నిటికీ మూలం ఇదై ఉండాలని లెక్క కట్టి, లేని స్వరాన్ని ఉన్నట్టుగా వినిపిస్తుంది మెదడు. ధ్వని శాస్త్రంలో ఇది బాగా తెలిసిన సంగతే. టెలిఫోనులో నాన్నగారి లోతైన గొంతును మనం గుర్తుపట్టేది కూడా ఇలాగే.

ఒంటరి బేస్ కచేరీ మొత్తం ఈ సూత్రం మీదే నిలబడిందని నాకనిపిస్తుంది. ఒక్క మనిషి, నాలుగు తీగలు. అన్నీ ఒకేసారి మోగించడం ఎవరి వల్లా కాదు. అడుగు స్వరం వేసి వదిలేసి ఆయన పాట వైపు వెళ్ళిపోతారు. ఆ అడుగు స్వరం నిజానికి ఆగిపోయింది, కానీ నా లోపల అది మోగుతూనే ఉంది. దాని మీదే పాట నడుస్తున్నట్టు నేను వింటున్నాను. మళ్ళీ ఆధారం వైపు వెళ్తే పాట ఆగుతుంది, కానీ పాట ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన సగం వాయిస్తున్నారు, మిగతా సగం వింటున్నవాళ్ళం నింపుకుంటున్నాం. ఏది వాయించాలో, ఏది మాకు వదిలేయాలో ఆయనకు తెలుసు. ఆయన విద్వత్తు అక్కడుంది. అందుకే కాళ్ళ దగ్గర లూప్ పెడల్ లేకపోవడం నాకు అంత నచ్చింది. వాయించిన ముక్కను రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే యంత్రం అది. జాకో కూడా వేదిక మీద అలాంటి డిలే యంత్రం వాడి ఒంటరి ఘట్టాలు వాయించారు, అద్భుతంగా వాయించారు. తప్పనను. కానీ యంత్రం అన్నీ వినిపించేస్తే నేను నింపుకోవడానికి ఏమీ మిగలదు.

వెనక ఉండే వాద్యాన్ని ముందుకు తెచ్చే ఇలాంటి సాహసమే మన పాలకొల్లు పిల్లవాడు ఒకరు చేశారు. మాండలిన్ శ్రీనివాస్. సినిమా పాటల్లో రెండు బిట్లు వాయించే వాద్యంగా అందరికీ తెలిసిన మాండలిన్‌ని, విద్యుత్తుతో మోగేలా చేసి, అయిదు తీగలకు కుదించి, కర్ణాటక సంగీత కచేరీలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేటప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్ వేదిక ఎక్కారు. గమకం పలకదన్న వాద్యం మీద ఆయన గమకం పలికించారు. 2014లో 45 ఏళ్ళకే ఆయన్ని పోగొట్టుకున్నాం. ఒక వాద్యం ఏం చేయగలదో దాన్ని కనిపెట్టినవాళ్ళు తేల్చరు, పట్టుకున్న చేతులు తేలుస్తాయని శ్రీనివాస్ గారిని విన్న తెలుగువాళ్ళకు ఇంకొకరు చెప్పాలా?

సింగపూర్‌కీ బేస్‌తో పాత బంధమే ఉంది. 1961 నవంబరులో క్లిఫ్ రిచర్డ్, ద షాడోస్ బృందం ఇక్కడికి వచ్చి వాయించారు. అప్పటి షాడోస్ బేస్ వాద్యకారుడు జెట్ హారిస్. బేస్‌ని ముందుకు తెచ్చి సోలో వాయించిన తొలి తరం బ్రిటిష్ వాద్యకారుల్లో ఒకరు. ఆ కచేరీలు చూసిన కుర్రాళ్ళు వీధి వీధికీ ఒక గిటార్ బృందం కట్టారు. వాళ్ళలో ద క్వెస్ట్స్ అనే బృందం 1964లో తెచ్చిన 'షాంటీ' రికార్డు, ఇక్కడి జాబితాలో బీటిల్స్‌ని దించి మొదటి స్థానంలో కూర్చుంది.  ఇప్పుడైతే బేస్ వినడానికి ఇక్కడ ఎస్‌ప్లనేడ్ అనే కళల భవనం కూడా ఉంది, 2002లో తెరిచారు. డురియన్ పండులా ముళ్ళ గుమ్మటాలున్న ఆ భవనంలో 1,600 మంది పట్టే కచేరీ హాలు ఉంది. రసెల్ జాన్సన్ దాని ధ్వని వ్యవస్థను తీర్చిదిద్దారు. హాలు చుట్టూ ప్రతిధ్వని గదులు, వేదిక మీద పైకీ కిందికీ కదిలే చాందినీ. అలాంటి చోట బేస్ వింటే లావు తీగ మోత చెవిలోకి రాకముందే కుర్చీలోకి, పక్కటెముకల్లోకి వచ్చేస్తుంది. అదొక వైభవం. అయినా నేను రోడ్డు పక్కన విన్నదాన్ని తక్కువ అనుకోను. హాలు తన వంతు సాయం చేస్తుంది. రోడ్డు మీద ఆ సాయం లేదు. బస్సుల రొద ఉంది, షాపుల్లోంచి వచ్చే పాటలున్నాయి, పైన మేఘాలున్నాయి.

కచేరీ మధ్యలో చినుకులు మొదలయ్యాయి. ఆయన హడావుడి పడలేదు. వాయిస్తున్న వరుసను మధ్యలో తెంచకుండా ముగింపు దాకా తీసుకెళ్ళి, ఆధార స్వరం మీద నిలిపి, అరచేతితో తీగలన్నీ ఒకేసారి మూసి, అప్పుడు లేచి ఆంప్లిఫైయర్ మీద ప్లాస్టిక్ కాగితం కప్పారు. చూరు కిందికి చేరాక పలకరించాను. రాత్రిళ్ళు హోటళ్ళలో బృందాలతో వాయిస్తారట. మీకు ఏది ఇష్టమని అడిగితే రెండూ అన్నారు. బృందంలో వాయించినప్పుడు నేర్చుకున్నది ఇక్కడ వాడతారట, ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి పట్టుకెళ్తారట. నాకు ఆ మాట నచ్చింది. ఒంటరిగా నిలబడగలిగినవాళ్ళు బృందాన్ని చిన్నచూపు చూడరు.

వినాలనిపించినవాళ్ళకు ఒక వరుస చెబుతాను. ఫోను స్పీకరు మీద మాత్రం వినకండి, హెడ్‌ఫోన్లు గానీ కాస్త పెద్ద స్పీకర్లు గానీ వాడండి. ముందు స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ పాటల్లో లారీ గ్రాహమ్ బొటనవేలిని పట్టుకోండి. తర్వాత జాకో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ'. మొదటిసారి అందం వినిపిస్తుంది, రెండోసారి అడుగు స్వరం ఎక్కడెక్కడ వేశారో వినిపిస్తుంది. ఆ తర్వాత విక్టర్ వుటెన్ 'ఎ షో ఆఫ్ హ్యాండ్స్', వీలైతే హెల్‌బోర్గ్, సెల్వగణేశ్ కలిసి వాయించినవి. ఇవన్నీ అయ్యాక చిట్టిబాబు గారి తానం ఒకటి పెట్టుకుని, చిటికెన వేలు పక్క తీగల్ని ఎప్పుడు ముట్టుకుంటోందో, ఎప్పుడు ముట్టుకోకుండా వదిలేస్తోందో గమనిస్తూ వినండి.